నర్సమ్మ గారి కారు

కార్లు బాగుచేసే షెడ్డు నడిపే ఆ మెకానిక్‌ని ఊళ్లో అందరూ నిక్కచ్చి అనే పిలిచేవారు. బండి బాగుంటే బాగుందనేవాడు, చెడితే చెడిందనేవాడు. నీళ్లు నమలడం అతనికి తెలియదు. పాతబండ్లు అమ్ముకునేవాళ్లకు అతను కంట్లో నలుసు, కొనేవాళ్లకు కొండంత అండ.

అందుకే పాతకారు ఒకటి కంటపడగానే బావ తిన్నగా అతని దగ్గరికే వచ్చాడు. బావంటే అక్క మొగుడు, దుకాణాలకు బోర్డులు రాసే మనిషి. జీవితమంతా రంగుల్లో చేతులు ముంచి, ఎవరినీ నొప్పించకుండా బతికినవాడు.

"ఆ రంగు చూడాలిరా నువ్వు. ఆకుపచ్చా కాదు, నీలమూ కాదు. వాన పడబోయే ముందు నది ఉంటుందే, అలా. నన్ను కలపమన్నా నా వల్ల కాదు."

"రంగు చూసి కారు కొంటారా బావా ఎవరైనా?"

"అందుకేగా నిన్ను రమ్మంటున్నా. నేను పైన చూసుకున్నా, నువ్వు కింద చూడు. నువ్వు ఊ అంటే కొంటా, ఊహూ అంటే మర్చిపోతా."

కారు ఒక నర్సమ్మది. ఆవిడ కాన్పులు చేసే నర్సుగా పనిచేసి రిటైరైంది. వేళాపాళా లేకుండా ఆ కారు తనే తోలుకుంటూ వెళ్లి చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో పురుళ్లు పోసింది. చూపు మందగించాక తాళంచెవి గోడమేకుకు తగిలించి, కారుమీద టార్పాలిన్ కప్పేసింది. ఆ తర్వాత దాని మంచిచెడ్డలు చూసింది ఎలుకలూ సాలీళ్లే.

"ముందే చెప్తున్నా, తర్వాత నన్ననుకోవద్దు," అంది ఆవిడ, రేకుల కొట్టం తలుపు తోస్తూ. "డ్రైవరుపక్క డోరు తన్నితే గానీ తెరుచుకోదు. వానలో వైపరు అలుగుతుంది. వెనక సీటు మీద మరక ఎంత రుద్దినా పోదు. అక్కడ కవలలు పుట్టారు."

"కవలలా!" బావ మొహం వెలిగిపోయింది. "అయితే ఒకటి కొంటే రెండు వస్తాయేమో."

ఆవిడ నవ్వింది. టీ పెడతానని లోపలికి వెళ్లింది. బావ కూడా కప్పులు అందిస్తానంటూ వెనకే వెళ్లాడు.

మెకానిక్ టార్పాలిన్ లాగాడు. లాగి, అలాగే నిలబడిపోయాడు.

ఆ కారు అతనికి తెలుసు. ఆ కంపెనీవాళ్లు ఆ మోడల్ కొద్దికాలమే చేసి ఆపేశారు. పని నేర్చుకునే రోజుల్లో గురువు దగ్గరికి అలాంటిదొకటి వచ్చేది. ఇంజను మీద చెయ్యి వేయబోతే గురువు గద్దించి, చక్రాలు తుడువు చాలు అనేవాడు. ఆ తర్వాత ఎన్ని వందల బండ్లు విప్పి బిగించాడో గానీ, అలాంటిది మళ్లీ కంటపడలేదు.

టార్చీ, స్క్రూడ్రైవరూ పట్టుకుని కిందికి దూరాడు. ఇంజనాయిలు ఏళ్ల తరబడి బొట్టుబొట్టుగా కారి అడుగంతా జిడ్డులా పట్టేసింది. ఆ జిడ్డే కవచమై ఇనుముని కాపాడింది. బండి బరువంతా మోసే ఛాసిస్‌ని స్క్రూడ్రైవరు పిడితో కొట్టి చూశాడు. పుచ్చిన ఇనుము డొల్లగా మోగుతుంది. ఇది ఖంగుమంది. ఇంకోచోట కొట్టాడు. అక్కడా ఖంగుమంది. డ్రైవరు కాళ్ల దగ్గర నేలరేకు మాత్రం ఒకచోట తుప్పుపట్టి చిల్లులు పడింది. అది కోసి వేరే రేకు అతికిస్తే సరిపోతుంది. వైర్లు ఎలుకలు తిన్నాయి. ట్యాంకులో పెట్రోలు జిగురులా గడ్డకట్టింది. టైర్లు పగిలిపోయాయి. అవన్నీ పైపై రోగాలు. బానెట్ ఎత్తి హ్యాండిల్ పెట్టి తిప్పితే, బిగుసుకుపోయి ఉంటుందనుకున్న ఇంజను ఒక్కసారి మూలిగి మెత్తగా తిరిగింది.

దీన్ని తనే బాగుచేయాలి. తనే తోలాలి. బావ చేతికి వెళ్తే ఏమవుతుంది? ఇంటిముందు నిలబెట్టి, కుర్చీ వేసుకుని రంగు చూసుకుంటూ కూర్చుంటాడు. కోతికి కొబ్బరికాయ.

అప్పుడే బావ టీ కప్పు పట్టుకుని వచ్చాడు. "ఏరా, ఎలా ఉంది?"

బాగుందనే చెప్పాలనుకున్నాడు. ఒట్టేసి చెప్పగలడు, ఆ క్షణం దాకా అదే నాలుకమీద ఉంది. నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఛాసిస్ పోయింది బావా."

"పోవడమంటే?"

"పుచ్చిపోయింది. కావాలంటే ఇటు రా." డోరు తన్ని తెరిచి, తుప్పుపట్టిన నేలరేకులోకి స్క్రూడ్రైవరు దించాడు. బెండులోకి దిగినట్టు దిగింది. "పైనే ఇలా ఉందంటే అడుగున ఎలా ఉంటుందో చూసుకో. స్పీడందుకున్నాక మధ్యకి విరిగితే మనుషులు మిగలరు."

చిల్లు నిజమే. చిల్లుని చూపించి చెప్పిన మాటే అబద్ధం. కొన్నాళ్లు పోయాక తనే వచ్చి కొనుక్కోవాలని, బావ అడిగితే స్పేర్‌పార్టుల కోసమని చెప్పాలని అప్పటికప్పుడే మనసులో ఏర్పాటైపోయింది. అంత చకచకా అబద్ధం అల్లగలనని అతనికే తెలియదు.

బావ ఆ రంగుమీద చేత్తో ఒకసారి నిమిరాడు. "సరే. నువ్వు చెప్పాక ఇంకేముంది. ఆవిడతో ఒక మాట చెప్పొస్తా."

ఆ వారం భోజనానికి పిలిచి అక్క కొసరి కొసరి వడ్డించింది. "నా తమ్ముడు లేకపోతే ఈయన ఆ డొక్కు కొనుక్కొచ్చి నన్నెక్కించేవాడు. కాళ్లూ చేతులూ ఏరుకునేవాళ్లం," అంది. బావ నవ్వాడు. మెకానిక్‌కి ఆ తిండి రుచించలేదు. అయినా తిన్నాడు.

నెల దాటనిచ్చి, బండి మోసుకొచ్చే ట్రాలీవాణ్ణి వెంటబెట్టుకుని, ఒక మధ్యాహ్నం నర్సమ్మ ఇంటికి వెళ్లాడు. కొట్టం తలుపు బార్లా తీసి ఉంది. లోపల నేలమీద నల్లటి ఆయిలు మరక తప్ప ఏమీ లేదు.

నర్సమ్మ వసారాలో కుర్చీలోంచి కళ్లు చికిలించి చూసింది. "ఎవరూ?"

"నేనమ్మా. ఆవేళ కారు చూడటానికి వచ్చాం కదా."

"మెకానిక్కా? రా బాబూ, కూర్చో. నిన్నోసారి చూడాలనే అనుకుంటున్నా."

"కారు ఏదమ్మా?"

"ఇంకెక్కడి కారు. పాతసామాను వాడికి ఇచ్చేశా. మీ బావగారు పాపం మొహమాటపడుతూనే చెప్పారు. ఛాసిస్ పుచ్చింది, ఎక్కినవాళ్లు బతకరు, ఎవరికీ అంటగట్టకండమ్మా అని. నేను పిల్లల్ని భూమ్మీదికి తెచ్చినదాన్ని. నా కారెక్కి ఎవరో చచ్చారని వింటే తట్టుకోగలనా? ఇద్దరు ముగ్గురు కొంటామని వచ్చారు. లేదని పంపేశా. ఇంకొకరెవరూ దాన్ని వాడకూడదని ఇక్కడే, నా కళ్లముందే కోయించా."

అతను వసారా గట్టుమీద కూర్చున్నాడు.

"ఒక్కటే నాకు అర్థం కాలేదు," అంది ఆవిడ. "కోసేవాడు పొద్దుగూకేదాకా తంటాలు పడ్డాడు. ఇంత గట్టి ఇనుము ఈమధ్య చూళ్లేదమ్మా అన్నాడు. పుచ్చింది బిస్కట్టులా విరగాలి కదా. పుచ్చినా అంత గట్టిగా ఉంటుందా బాబూ?"

ఆవిడ కళ్లు అతని మొహం ఉన్నవైపే ఉన్నాయి గానీ, ఆ మొహంలో ఏముందో చూడగలిగే చూపు వాటికి లేదు. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి దారి ఎవరూ వెయ్యరు.

"ఉంటుందమ్మా. కొన్నిచోట్ల గట్టిగానే ఉంటుంది. లోపల్లోపల పుచ్చుతుంది."

"అంతేనంటావా. నీకు తెలియనిదా." ఆవిడ చెయ్యి చాచి తడుముతూ అతని భుజం అందుకుంది. "నీలాంటివాడు ఒకడుంటే చాలు బాబూ. ఎవరి ప్రాణం నిలబెట్టావో ఏమో. చల్లగా ఉండు."

గేటు దాటాక ట్రాలీవాడు ఏమైందని అడిగితే, పోరా అని కసిరాడు. వాడు చేసిన తప్పేమీ లేదు. ఆ చెయ్యి ఆనిన భుజాన్ని దారిపొడుగునా ఎడంగా పెట్టుకుని నడిచాడు, ఎవరికైనా తగులుతుందేమో అన్నట్టు.

ఇంటికి వెళ్లలేదు. బావ పనిచేసే గదికి వెళ్లాడు. బావ ఒక మందులషాపు బోర్డుమీద చివరి అక్షరం దిద్దుతున్నాడు. మెకానిక్ గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పేశాడు, ఛాసిస్ ఖంగుమన్న దగ్గర్నుంచి వసారాలో చెప్పిన రెండో అబద్ధం దాకా. బావ కుంచె ఎత్తలేదు. అక్షరం పూర్తిచేశాడు. కిరసనాయిల్లో కుంచె కడిగాడు, గుడ్డతో తుడిచాడు.

"అంటే బాగుందన్నమాట," అన్నాడు చివరికి.

"బాగుంది బావా."

"నాకు కావాలి అని ఒక్కమాట అనుంటే నేనే తప్పుకునేవాణ్ణి కదరా. నీకంటే ఎక్కువా నాకది?"

తిట్టి ఉంటే బాగుండేది. మెకానిక్ తల దించుకుని బూట్లమీది గ్రీజు మరకలు చూసుకున్నాడు.

"ఆవిడ దగ్గరికెళ్లి నిజం చెప్పేస్తా బావా."

"ఏమని? మంచి కారుని మీ చేతులతో మీరే కోయించుకున్నారనా? నువ్వు నెత్తిమీది బరువు దింపుకుని వచ్చేస్తావు. ఆవిడ దాన్ని ఎక్కడ దించుకుంటుంది?" బావ రంగుడబ్బాకు మూత బిగించాడు. "ఆవిణ్ణి మంచిపని చేశాననుకోనీ. మీ అక్కకి కూడా చెప్పకు. నువ్వంటే దానికి గొప్ప."

ఆ తర్వాత బావ రాకపోకలు మానలేదు. పలకరింపులు, ఛలోక్తులు అన్నీ మామూలే. కొన్నాళ్లకు ఒక చిన్న కారు తోలుకుని షెడ్డుకి వచ్చాడు, పక్కన అక్కతో. "కొనేశా. ఆయిలు మార్చి పెట్టు," అన్నాడు.

అక్క మూతి విరిచింది. "ఇంట్లో వైద్యుణ్ణి పెట్టుకుని ఊరవతల ఎవడికో చూపించి కొన్నారు. నా తమ్ముణ్ణి తీసుకెళ్లొచ్చుగా అంటే వినరు. అడగరా నువ్వైనా."

"వాడికి పనుంటుందిలే," అన్నాడు బావ, అటు తిరిగి.

మెకానిక్ జాకీ వేసి కిందికి దూరాడు. ముందు చక్రం దగ్గర రబ్బరు బుష్షు అరిగిపోయి ఉంది. అంత ప్రమాదమేమీ కాదు, కానీ మార్చాలి. ఆ మాట చెబితే బావ నమ్ముతాడా లేదా అని ఆలోచిస్తూ, ఉన్న పని అయిపోయాక కూడా చాలాసేపు ఆ చీకట్లోనే పడుకుని ఉన్నాడు. పైనుంచి అక్క తన గురించే ఎవరికో గొప్పగా చెబుతున్న మాటలు వినిపిస్తున్నాయి.