ఉస్తాజ్ బహగత్ సంతకం

మా దమియెట్టా కోర్టులో చదవడానికి వీలయ్యేలా సంతకం పెట్టే వకీలును గుమాస్తా అని వెక్కిరిస్తారు. కొత్తగా నల్లకోటు తొడుక్కున్న కుర్రవాళ్ళు తొలి దావా వేయకముందే పేపరు అంచుల మీద సంతకం సాధన చేస్తారు. గీత ఎన్ని వంకర్లు తిరిగితే వకీలు అంత పెద్దవాడని లెక్క. మేము గౌరవంగా ఉస్తాజ్ అని పిలిచే మా సీనియరు వకీలు బహగత్ సంతకమైతే అచ్చం కోడి గీకినట్టు ఉండేది. ఆ మాట ఆయన మొహం మీదే అనే చనువు నాకుంది. పన్నెండేళ్ళు ఆయన దగ్గర జూనియరుగా వేగినదాన్ని మరి.

ఆయన వృత్తి అంతా పేదవాళ్ళ కేసులతోనే గడిచింది. సరస్సులో వలలు వేసేవాళ్ళు, మంచాలు చేసే వడ్రంగులు, పోలీసులు ఎత్తుకుపోయిన పిల్లల తల్లులు, అందరూ మా ఆఫీసు మెట్ల మీదే కూర్చునేవారు. ఆయన ఫీజు అడిగేవారు కాదు. ఎవరైనా రెండు చేపలు తెచ్చిస్తే ఆ రోజంతా ఆఫీసు నీచు కంపు కొట్టేది. ఆయన మంచివాడు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తరవాత చెప్పేటప్పుడు నా కోపం నన్ను చెప్పనివ్వదు.

మంజలా సరస్సులో సగాన్ని ఒక ఆసామి గట్లు పోసి తన చేపల చెరువులుగా మార్చుకున్నాడు. జాలరులు తిరగబడ్డారు. ఆ గొడవలో కాపలావాడి గుడిసె తగలబడి అతను చచ్చిపోయాడు. నేరం అవదల్లా అనే జాలరి నెత్తిన పడింది. ఆ సమయానికి అతను అవతలి ఒడ్డున పడవకు తారు పూస్తున్నాడని ముగ్గురు సాక్ష్యం చెప్పినా జడ్జి చెవికెక్కలేదు. పదిహేనేళ్ళు వేశాడు. ఇక మిగిలింది కైరోలోని పైకోర్టు ఒక్కటే. అక్కడ పోతే ఇంకెక్కడికీ వెళ్ళడానికి లేదు.

అప్పీలు ఉస్తాజే రాశారు. అంత గట్టి అప్పీలు నేను ఇంతవరకు చూడలేదు. చివర తన వంకర గీత గీశారు.

“కింద పేరు టైపు చేయించనా?” అని అడిగాను.

“కౌసర్, ఈ డెల్టా మొత్తంలో నా సంతకం తెలియనివాడు ఎవడమ్మా?”

“కైరోలో కూర్చున్న జడ్జీలు మన డెల్టా వాళ్ళు కారుగా.”

ఆయన నవ్వేసి కాగితాలు పంపించేశారు.

అప్పీలు వేసే గడువు దాటాక కైరో నుంచి వచ్చిన ఒక వకీలు టీ తాగుతూ మా గుండెల్లో రాయి వేశాడు. పైకోర్టులో పేరు నమోదైన వకీలు సంతకమే అక్కడ చెల్లుతుంది. ఆ సంతకం ఎవరిదో చదవడానికి రాకపోతే లోపలి రాత చూడకుండానే అప్పీలు కొట్టేస్తున్నారట. దానికి ఒకటే మందు. విచారణ రోజున ఆ వకీలే వెళ్ళి, నిలబడి, ఇది నాదే అని చెప్పాలి. అక్కడ నా పేరు నమోదు కాలేదు గనుక నా మాట చెల్లదు.

విచారణ రోజు తెల్లవారగానే కారు మాట్లాడాను. ఉస్తాజ్ కోటు తొడుక్కుంటుండగా ఫోను మోగింది. సమ్మె చేసిన చేపల ఫ్యాక్టరీ ఆడపిల్లల్ని పోలీసులు పట్టుకుపోయారు. తల్లులు పోలీసు స్టేషన్ బయట గుండెలు బాదుకుంటున్నారు.

“నేను చూసుకుంటా, మీరు కారెక్కండి,” అన్నాను.

“నిన్ను లోపలికి రానివ్వరమ్మా. నన్ను చూస్తే తలుపు తీస్తారు.”

“తీయకపోతే సాయంత్రం దాకా అరుస్తా! అవదల్లా సంగతేంటి మరి?”

“మన కేసు మధ్యాహ్నానికి గానీ పిలవరు. ఇక్కడ గంట పని.”

“ఏడ్చేవాళ్ళు కనిపిస్తే మీకు కాళ్ళు నిలవవు. అవదల్లా ఇక్కడ ఏడవడం లేదు, అదే వాడి ఖర్మ!”

ఆయన వినలేదు. స్టేషన్ మెట్ల దాకా తిడుతూనే వెంట వెళ్ళాను. మధ్యాహ్నానికి పిల్లలు బయటికి వచ్చారు. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ జగ్రూదాలనే సంబరపు కేకలు పెడుతూ వీధంతా హోరెత్తించారు. వడ్రంగులు ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. సిగ్గుపడుతూనే మురిసిపోయారు ఆయన. ఆ మురిపెం చూసి నాకు ఒళ్ళు మండింది. కైరోలో మా కేసు పొద్దున్నే పిలిచేశారు. సంతకం ఎవరిదో తెలియలేదని కొట్టేశారు.

మర్నాడు అవదల్లా భార్య నఈమా వచ్చింది. ఉస్తాజ్ ఏదీ దాచలేదు. సంతకం సంగతి, స్టేషన్ సంగతి అన్నీ చెప్పి తల వంచుకున్నారు.

“అంటే మీరు వెళ్ళి ఉంటే చదివేవాళ్ళా?” అంది.

“చదివేవాళ్ళమ్మా.”

“ఆ పిల్లలు ఇళ్ళకు చేరారా?”

“చేరారు.”

నఈమా అరిస్తే బాగుండునని నాకు అనిపించింది. ఆవిడ నల్ల ముసుగు సర్దుకుని లేచింది.

“ఆయనకు నేను చెప్పను. నా వల్ల కాదు. మీరే వెళ్ళి చెప్పండి ఉస్తాజ్.”

జైలుకు నేనూ తోడు వెళ్ళాను. శిక్ష పడ్డవాళ్ళు తొడుక్కునే నీలం బట్టల్లో అవదల్లా ఇనుప జాలీ అవతల నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. మమ్మల్ని చూడగానే మొహం వెలిగిపోయింది.

“ఉస్తాజ్! ఆ ఫ్యాక్టరీ పిల్లల్ని పూట తిరక్కుండానే ఇంటికి పంపించారట కదా! లోపలంతా అదే ముచ్చట. ఆయనే నా వకీలురా అని అందరికీ చెప్పుకున్నాను.”

ఉస్తాజ్ జాలీ పట్టుకున్నారు.

“నాకిక బెంగ లేదు,” అన్నాడు అవదల్లా. “చెప్పండి ఉస్తాజ్, నన్నెప్పుడు వదులుతారు?”