కోచ్ విసిరిన నాలుగు బంతులు

అమెరికాలోని ప్లేనోలో కూతురు దియ ఆడే ఫ్లాగ్ ఫుట్‌బాల్ జట్టుకి కొత్త కోచ్ వచ్చినప్పటి నుంచీ రఘువీర్‌కి మనసు మనసులో లేదు. హాలొరన్ అనే ఆ కోచ్ అమెరికన్ ఫుట్‌బాల్ పెద్ద లీగ్‌లో తొమ్మిదేళ్లు క్వార్టర్‌బ్యాక్‌గా ఉండి రిటైరయ్యాడట. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు. అలాంటివాడి వీడియో నెట్‌లో ఒక్కటైనా ఉండొద్దూ? రఘువీర్ మూడు రోజులు వెతికాడు. పాత జట్ల జాబితాల్లో పేరైతే ఉంది, వీడియో ఒక్కటి దొరికితే ఒట్టు. ఆ పేరు ఇంకెవరిదో అయ్యుంటుందని తేల్చుకున్నాడు.

“ఇది ఫేక్ ఎక్స్‌పీరియన్స్ కేసే,” అన్నాడు భార్య నమ్రతతో. “అబద్ధాలకోరు దగ్గర మన పిల్ల నేర్చుకునేదేంటి? నేను చూడగానే కనిపెట్టేశా.”

“మీరు కాకపోతే ఇంకెవరు కనిపెడతారు లెండి,” అంది నమ్రత, తాలింపు మీంచి చూపు తిప్పకుండానే.

రఘువీర్‌కి చురుక్కుమంది. పదమూడేళ్ల క్రితం కన్సల్టెన్సీ వాళ్లు అతని రెజ్యూమేలో లేని కంపెనీనీ, చెయ్యని మూడేళ్ల ఉద్యోగాన్నీ పుట్టించారు. అతను వాటిని బట్టీపట్టి ఇంటర్వ్యూ గట్టెక్కాడు. ఆ సంగతి దియకి తెలియదు.

శనివారం ప్రాక్టీస్ అయ్యాక, దియ ఎదుటే అడిగేశాడు. “మీరు ఆడిన గేమ్ ఒక్కటి చూపిస్తారా కోచ్?” నలుగురిలో నిలదీసి సాగనంపాలని అతని ఎత్తు.

హాలొరన్ గ్రౌండ్‌లో కోన్లు ఏరుతూనే జవాబిచ్చాడు. “చూపించడానికి పెద్దగా ఏం లేదు. తొమ్మిదేళ్లలో నేను విసిరినవి నాలుగు బంతులు. అందులో ఒకటి అవతలివాళ్లు పట్టేశారు. నేను బ్యాకప్‌ని, అసలువాడికి దెబ్బ తగిలితే దిగేవాణ్ని. మిగతా కాలమంతా గీత బయట క్లిప్‌బోర్డ్ పట్టుకుని నిలబడ్డాను.”

గొప్పలు చెప్పుకున్నా అక్కడ కాదనగలిగే నాథుడు లేడు. అయినా ఆ మనిషి నిజం ఇంత తేలిగ్గా చెప్పేశాడేమిటని రఘువీర్‌కి ముందు ఒళ్లు మండింది, ఆ వెనకే సిగ్గేసింది.

ఇంటికి వస్తుంటే వెనక సీట్లోంచి దియ అడిగింది. “కోచ్ సో హానెస్ట్, కదా డాడీ? నీ ఫస్ట్ జాబ్ ఎలా ఉండేది?”

చెప్పేద్దామనే నోరు తెరిచాడు.

“హైదరాబాద్‌లో నాన్నా. బ్యాంక్ ప్రాజెక్ట్, ఆరుగురం టీమ్. త్రీ ఇయర్స్ చేశా.”

ఇన్నేళ్లయినా ఒక్క మాట తడబడలేదు. అద్దంలో చూస్తే దియ నమ్మకంగా తల ఊపుతోంది.