చుట్టం పడిన సాయంత్రం

నేను ఒక ఎలుకబోనును. జూన్ పన్నెండో తేదీ నాకు బాగా గుర్తు. ఆ సాయంత్రం నా కొక్కేనికి గుచ్చింది కాల్చిన ఎండు నెత్తళ్ల చేపలు. నాకు తినే యోగం లేదు, నోట పెట్టుకుని కూర్చోవడమే నా వంతు. అయినా ఆ వాసనకు నా తీగలు కూడా మెత్తబడినట్టనిపించింది.

విశాఖ పాతపట్నంలో రహంతుల్లా అనే రేకుపనివాడు నన్ను చేశాడు. మొదట ఒక బట్టల కొట్టులో ఉన్నాను. వాళ్లు నాలో పడ్డ ఎలుకను పక్క వీధిలో వదిలేవారు. పక్క వీధివాళ్లు తమదాన్ని మా వీధిలో వదిలేవారు. మనుషులు దీన్ని పీడ వదిలించుకోవడం అంటారు.

తర్వాత సముద్రపు ఒడ్డున, జాలరిపేటలో మసేను ఇల్లు చేరాను. అక్కడ రెండిళ్లకు ఒకటే గోడ. అలల చప్పుడు ఆ గోడలోంచి ఊపిరిలా వచ్చిపోతుంటే పగళ్లన్నీ కలలా గడిచేవి.

చేపల వేట నిషేధం రోజుల్లో అటక మీది వలను ఎలుక కొరికేసింది. పడవ తోస్తూ నలిగిన మసేను చేతికి కట్టు ఉంది. వల బాగుపడకపోతే సీజను మొదటి వేట పోయినట్టే. అందుకని అతని భార్య పోలమ్మ, భీమిలి నుంచి మేనమామ దానయ్యను పిలిపించింది. ఇల్లాలు పోయాక ఎవరింటికీ వెళ్లని మనిషి, వల కోసం వచ్చాడు.

ఇక్కడ ఎలుకను పేరుపెట్టి పిలవరు. పిలిస్తే వింటుందనీ, బోను దరికి రాదనీ నమ్మకం. ఇంటికో మారుపేరు. ఈ ఇంట్లో దాని పేరు 'చుట్టం'.

ఆ సాయంత్రం దానయ్య అరుగు మీద వల అల్లుతున్నాడు. లోపల పోలమ్మ గుసగుసలాడింది.

"ఈ చుట్టానికి మన కూడు బాగా రుచించినట్టుందయ్యా."

"ఇయాల ఎలాగైనా వదిలించుకోవాల. నెత్తళ్లు కాల్చెట్టు. అదే ఆకరి కూడు," అన్నాడు మసేను.

అరుగు మీద సూది ఆగిపోయింది. దానయ్య సగం వల ఒళ్లోంచి దించి, లోపల నెత్తళ్లు కాలి నా కొక్కేనికెక్కేలోగా సంచి సర్దుకున్నాడు.

"ఎక్కడికి మావా?" పోలమ్మ పరుగున వచ్చింది.

"ఎల్తానే తల్లీ. నా సెవులింకా పనిసేస్తన్నాయి."

ఆమెకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది కానీ, నాకున్నది ఒక్కటే మాట. అదృష్టం, ఆ క్షణానే అనగలిగాను: టక్!

"ఓలే, చుట్టం పడ్డాదే!" మసేను కేక.

అరుగు దిగబోయిన ముసలాయన వెనక్కి వచ్చి, వంగి నాలోకి చూశాడు.

"ఇదేటే మీ చుట్టం? మా ఇంట దీన్ని పిల్లోడంటాం."

"మరి నువ్వేటనుకున్నావు... ఓలమ్మో!" పోలమ్మ నుదురు కొట్టుకుంది.

"నన్ను పంపడానికి నెత్తళ్లెందుకే? సెప్తే ఎల్లిపోదును గదా!"

ముగ్గురూ నవ్వారు. నాలోని నాలుగోది నవ్వలేదు. మసేను నన్ను నీళ్ల తొట్టి వైపు తీసుకెళ్తుంటే దానయ్య అన్నాడు: "తొరగా కానీయ్. ఆడించకు దాన్ని." ఎలుక పట్ల అంత మాత్రం మర్యాద నేను మరెక్కడా చూడలేదు.

మర్నాడు గోడకు ఇటువాళ్లూ అటువాళ్లూ కలిసి కన్నాలకు సిమెంటు పూశారు. చేప చెత్తకు మూత ఉన్న డబ్బా వచ్చింది. నాకు పని తగ్గింది.

వేట ముందు సాయంత్రం ఆఖరి ముడి పడింది. దానయ్య ఇంట్లోనే, ఆ వల మీదే తలవాల్చి నిద్రపోయాడు. పోలమ్మ ఆయన మీద దుప్పటి కప్పింది. వేళ్ల మధ్య చిక్కిన సూదిని మెల్లగా తీసింది. తర్వాత, సముద్రం చప్పుడుకు మెలకువ వస్తుందేమోనని, తలుపు నెమ్మదిగా దగ్గరకు వేసింది.