రిమార్కులకు చోటు లేదు

యేసుదానం నాలుగో చీటీ కొడుతుండగా కంప్యూటరు తెర మళ్లీ ఆగిపోయింది. నాంపల్లిలోని ఆ ధర్మ దవాఖానలో పదకొండేళ్లుగా రోగుల చీటీలు కొట్టడమే అతని కొలువు. సన్నటి మనిషి, చెవుల మీద నెరిసిన వెంట్రుకలు, పై గుండీ ఊడిన తెల్లచొక్కా. వరుసలో ఉన్నవాళ్లెవరికీ అతని పేరు తెలియదు. అందరికీ చీటీ సారే.

పాత ప్రోగ్రాం ఆ కంప్యూటరులోనే ఉండేది. పేరు కొట్టగానే కింద రిమార్కుల గడిలో ఎర్ర అక్షరాలు వెలిగేవి. చెవుడు, గట్టిగా పిలవాలి. షుగరుంది. లోపల నర్సు తెర మీద కూడా అవే కనిపించేవి. ప్రతి మాటా అతను అడిగి అడిగి ఎక్కించిందే. మొన్న సోమవారం దాన్ని పీకేసి, పాతవన్నీ ఒక సీడీలో వేసి బీరువాలో పెట్టి, ఇంటర్నెట్‌లో నడిచే కొత్తది తెచ్చారు. మహా గొప్పది! ఎక్కణ్ణించైనా తెరవచ్చట. రిమార్కుల గడి మాత్రం లేదు. చీటీల మీద పెన్నుతో ఏమీ రాయకూడదని ఆర్డరు కూడా వేశారు.

"మరి ఆ గడి ఏది?" అని యేసుదానం అడిగితే, "తర్వాత వస్తది అంకుల్" అన్నాడు పెట్టడానికి వచ్చినవాడు.

తెర కదిలేసరికి కిటికీ అవతల కిష్టవ్వ ఉంది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దువ్వెనలు, పిన్నీసులు అమ్మే ముసలమ్మ. జ్వరంతో వణుకుతోంది. ఎవరేమడిగినా ముందు ఔ అనడం ఆమె అలవాటు.

"వయసెంత అవ్వా?"

"ఔ బిడ్డా. ఏసుకో, ఒక అరవై."

పదకొండేళ్లుగా ఆమెకు అరవయ్యే. యేసుదానానికి నవ్వొచ్చింది. వెంటనే పాత గడిలో ఆమె పేరు కింద ఉండే ఎర్ర అక్షరాలు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

"అవ్వా, పెన్సిలిన్ సూది పడదని నర్సమ్మకు చెప్పాలె. యాదుంటదా?"

"ఔ బిడ్డా." అంటూనే ఆమె అతని చొక్కా వంక చూసింది. పిన్నీసుల అట్ట తీసి, ఒకటి ఊడదీసి లోపలికి అందించింది. "గుండీ లేకుంటే ఎట్ల సారూ? గిది పెట్టుకో. అట్ట గీడనే ఉండనీ, పోయేటప్పుడు తీస్కుంట."

తానే వెళ్లి నర్సుకు చెప్పి వద్దామని యేసుదానం లేచాడు. తెర మళ్లీ ఆగింది. వరుసలో జనం అరిచారు. కూర్చుండిపోయాడు.

అరగంటకు సూదుల గది నర్సు తబిత వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"అన్నా, కిష్టవ్వ పోయింది. పెన్సిలిన్ ఇచ్చిన ఐదు నిమిషాలకే. తెర మీద ఏం లేకుండె. పడ్తదా అవ్వా అని అడిగిన కూడా. ఔ అన్నది."

సూదుల గది పది అడుగుల దూరం. పదే పది అడుగులు! యేసుదానం అవ్వ పేరు మళ్లీ కొట్టాడు. కిష్టవ్వ, అరవై. ఆ కింద అంతా తెలుపే.

బయట ఎవరో చీటీ కోసం కిటికీ తడుతున్నారు. కిటికీ గట్టు మీద పిన్నీసుల అట్ట అవ్వ పెట్టినచోటే ఉంది, పై వరుసలో ఒక్కటి మాత్రం లేదు.