ఆ మాట నాదే

చర్చిలో ప్రభువు బల్లప్పుడు ద్రాక్షరసం పోసి ఇచ్చే చిన్న గాజు కప్పులు కడిగి, ఒక్కొక్కటీ తుడిచి పళ్ళెంలో బోర్లిస్తున్నాను. బొటనవేలంత కప్పులు. లోపలికి వేలు పోదు, గుడ్డ కొస మెలితిప్పి దూర్చాలి. హాల్లోంచి అత్తయ్య, "సబ్బు వాసన పోయేదాకా కడుగమ్మా. కిందటిసారి స్తోత్రం తాతయ్య మొహం చిట్లించాడు" అంది. స్తోత్రం తాతయ్య మా సంఘపెద్ద. పాలు పొంగిపోయినా, ఫ్యాను ఆగిపోయినా ఆయన నోట వచ్చేది "స్తోత్రం" అనే. ఆ రోజు సబ్బు వాసనకీ అదే అన్నాడు, కాకపోతే మొహం చిట్లించి.

పక్కగదిలో మా ఆయన రేపటి ప్రసంగం గట్టిగా చెప్పుకుంటున్నాడు. ఈ సంఘానికి ఆయన పాస్టరుగారు, అందువల్ల నేను అమ్మగారిని. "రక్షణ మనం సంపాదించుకునేది కాదు. అది కృప. సిలువ మీద క్రీస్తు సాతానును ఓడించేశాడు. వాడి చేతిలో ఇక ఏ ఆయుధమూ లేదు. చేతులు చాపి అందుకోవడమే మన పని!" అక్కడ ఆగి, "టీ పెట్టావా?" అన్నాడు.

పెట్టాను.

రేపు ఆ ప్రసంగం అయ్యాక నాకు విడుదల ప్రార్థన. నాలో దూరిన సాతానును సంఘం ముందు వెళ్ళగొడతారు.

పోయిన వారం పెద్దలంతా మా ఇంట్లో కూర్చుని ఉపవాస కూడికల గురించి మాట్లాడుకున్నారు. ఉపవాసం సంఘానిది, ముగింపు రోజు అందరికీ వండిపెట్టడం నాది. ఎప్పటిలాగే నన్ను అడక్కుండానే, "వంట సంగతి అమ్మగారు చూసుకుంటుంది, ఫ్యాక్టరీకి సెలవు పెట్టేస్తుంది" అన్నాడు మా ఆయన. నేను చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడతాను. ఇలాంటి సెలవులు పెట్టి పెట్టి, "ఈ కాలర్లు మీ దేవుడొచ్చి కుడతాడా?" అని సూపర్‌వైజరు చేత అందరి ముందూ అనిపించుకున్నాను. నడుము అప్పటికే పట్టేసి ఉంది. టీ అందిస్తూ, "నా వల్ల కాదు" అన్నాను. గొంతు కూడా పెంచలేదు. అందరూ నా వైపు చూశారు. స్తోత్రం తాతయ్య కూడా స్తోత్రం అనలేదు.

వాళ్ళు వెళ్ళాక మా ఆయన నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, మెత్తగా అన్నాడు: "నిన్ను తప్పు పట్టడం లేదు. అది నువ్వన్న మాట కాదు. వాడు నీ చేత అనిపించాడు." పెళ్ళయిన ఇన్నేళ్ళలో నోరు తెరిచి కాదన్నది ఆ ఒక్కసారే. క్షమించే వంకతో దాన్ని కూడా నాది కాకుండా చేసేశాడు. కూర మాడితే అది నేనే. ఆయన చొక్కాకి ఇస్త్రీ మడత తప్పితే అది నేనే. కాదన్నప్పుడు మాత్రం నేను కాదు.

అత్తయ్య వంటింట్లోకి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. "భయపడకమ్మా. మోకాళ్ళూని కాసేపు ఏడిస్తే చాలు. పెద్దలు తలమీద చేతులు పెడతారు. మీ ఆయన 'విడుదల కావాలా' అనడుగుతాడు, కావాలను. అయిపోతుంది. నాకూ చేశారుగా."

"మీకా? ఎప్పుడత్తయ్యా?"

"మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు. మీ మావయ్యగారు వేళాపాళా లేకుండా భోజనాలకి జనాన్ని వెంటేసుకొచ్చేవారు."

"అయితే మీరేం చేశారు?"

"ఏం చేశాను? పొయ్యి దగ్గర్నుంచి లేచి వెళ్ళి పడుకున్నాను." ఒక కప్పు తీసి వెలుతురులో పెట్టి చూసింది. "మళ్ళీ ఎప్పుడూ అలా చెయ్యలేదు. ప్రార్థన భలే పనిచేసిందన్నారందరూ."

నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆదివారం మందిరం నిండిపోయింది. విషయం ముందే పొక్కిందేమో, ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాళ్ళు కూడా ముందు వరసల్లో ఉన్నారు. మా ఆయన బాగా చెప్పాడు. ఆయన బాగా చెప్తాడు, కాదనను. పైగా ప్రతి మాటా నేను నమ్మాను. క్రీస్తు గెలిచాడన్నది నాకు విన్న మాట కాదు. అమ్మ పోయిన రోజుల్లో నన్ను మంచం మీదనుంచి లేపింది అదే. ఇప్పుడు మోకాళ్ళూనితే ఆ నమ్మకం మీదే అబద్ధం చెప్పినట్టు. ఊనకపోతే ఇల్లూ, సంఘమూ రెండూ నా మొహాన తలుపు వేసేసుకోవచ్చు.

"అమ్మగారూ, ముందుకు రండి" అన్నాడు స్తోత్రం తాతయ్య.

వెళ్ళాను. నా కోసం చాప పరిచి ఉంది. ఆడవాళ్ళు చప్పట్లతో పాట అందుకున్నారు. తలమీద చేతులు పడ్డాయి, ఒకదాని మీద ఒకటి, మెడ వంగిపోయేంత బరువుగా. "కూర్చో" అని గొణిగి, మా ఆయన మైకులో అడిగాడు: "విడుదల కావాలా?"

నిలబడే ఉన్నాను. పాట ఆగిపోయింది.

"ఆ రోజు మాట్లాడింది నేనండీ" అన్నాను. మైకు ఆయన చేతిలో ఉంది, గొంతు పెంచక తప్పలేదు. "సాతాను కాదు. ప్రభువు వాణ్ణి ఓడించేశాడని ఇప్పుడేగా చెప్పారు? ఓడిపోయినవాడికి నా మాటనెందుకు కట్టబెడతారు? నేను అలిసిపోయాను. వంట నా వల్ల కాదు."

"చూశారా, ఎలా మాట్లాడిస్తున్నాడో!" అంది వెనకనుంచి ఎవరో.

మా ఆయన మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "పరువు తియ్యకు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంట్లోనూ ఇదే చెప్తానండీ."

తలమీది చేతులు ఒక్కొక్కటే జారిపోయాయి. వెళ్ళి నా చోట కూర్చున్నాను. ఇంకేం చెయ్యాలో తోచక కాబోలు, ఎవరో చివరి పాట మొదలుపెట్టారు.

ప్రతి ఆదివారం ఈ పాట మొదలవగానే నేను లేచి వెనక తలుపులోంచి ఇంటికి పరిగెత్తుతాను, పెద్దలకు భోజనం వేడిచెయ్యడానికి. పాట అయ్యాక పాస్టరుగారు చేతులెత్తి, మంచీ చెడ్డా ఎంచకుండా అందరినీ దీవిస్తాడు. ఆ సమయానికి నేను పొయ్యి దగ్గరుంటాను. పెళ్ళయినప్పటినుంచీ ఆ దీవెన ఒక్కసారీ నా తలమీద పడలేదు.

అత్తయ్య వెనక తలుపు వైపు చూసింది, తర్వాత నా వైపు. నేను కదల్లేదు.

పాట అయిపోయింది. మా ఆయన చేతులెత్తాడు. చూపు నా మీద ఆగింది, నోరు పెగల్లేదు. సంఘమంతా తలలు వంచుకుని ఎదురుచూస్తోంది. ఎత్తిన చేతులు దించడానికి లేదు. నన్నొక్కదాన్ని వదిలేసి దీవించడానికీ లేదు.

నేను కూడా తల వంచాను.