కాగితానికి లోపలి వైపు

మేస్త్రి ఫిల్టరు కాగితం మడత విప్పగానే పసుపుపచ్చటి లోహపు రజను తళుక్కుమంది.

జనాన్ని నది దాటించే లాంచీ ఇంజను నుంచి ఆ ఉదయం విప్పిన పాత ఆయిల్ ఫిల్టరది. ఇంకెవరైనా అయితే చెత్తలో పారేస్తారు. ఆయన పారెయ్యడు. డబ్బా అంచు చుట్టూ కట్టరు తిప్పి మూత ఊడదీస్తాడు. లోపలి కాగితాన్ని చాకుతో కోసి పళ్ళెంలో పరుస్తాడు. రంపం ముట్టనివ్వడు, రంపపు పొడి కలిసిందంటే, కనిపించే లోహం ఇంజనుదో డబ్బాదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడంటాడు. కాగితం మీద నల్లటి జిడ్డు తప్ప ఏమీ లేకపోతే ఇంజను క్షేమం. లోహం కనిపిస్తే లోపల ఏదో అరిగిపోతున్నట్టే.

రిపేరు షెడ్డులో ఆయన్ని పోస్టుమార్టం మేస్త్రి అంటారు. ఎదురుగా కాదు.

పొట్టి మనిషి. మెడ భుజాల్లోకి కూరుకుపోయి ఉంటుంది. గోళ్ళ చుట్టూ ఉన్న నలుపు సబ్బుకు లొంగడం ఎప్పుడో మానేసింది. పొద్దున షెడ్డు తలుపు తియ్యడం, సాయంత్రం వెయ్యడం, మధ్యలో ఎవడి పనిలో తప్పుందా అని చూడడం. ఆయన బతుకంతా ఇంతే. దొరికిన తప్పును పళ్ళెంలో పెట్టి పదిమందికీ చూపిస్తేగానీ ఆయనకు ముద్ద దిగదు. ఎక్కువగా దొరికేది లేత్ మిషను మీద పనిచేసే బావమరిదే.

రజను మీద అయస్కాంతం తిప్పాడు. ఒక్క నలుసూ అంటుకోలేదు. ఇనుము కాదు. బేరింగు లోహం.

ఆ బేరింగులు బిగించింది తనే.

"ఏంటి బావా, రోగి బతుకుతాడా?" లేత్ దగ్గర్నుంచి బావమరిది అరిచాడు.

"నోర్ముయ్యరా. నిన్న నువ్వు చేసిన ఇత్తడి బుష్షు గుండ్రంగా ఉందో గుమ్మడికాయలా ఉందో అందరూ చూశారుగా. ఆ నవ్వులు చాల్లేదా నీకు?"

అప్పుడే లోపలికొచ్చిన లాంచీ ఓనరు పళ్ళెం చూసి ఆగిపోయాడు. అతని వెనక డ్రైవరు. ఎండిన కర్రలాంటి ముసలాయన. షెడ్డులో మేస్త్రితో కలిసి అన్నం తినేది ఆయనొక్కడే.

"ఏంటిది?" అన్నాడు ఓనరు.

తన చేతి పనిలో తప్పా? ఆ ఆలోచన పూర్తికాకముందే మేస్త్రి నోరు లేచింది.

"నన్నడుగుతారేం? మీ డ్రైవర్నడగండి. ఆయిల్ ఉందో లేదో చూడకుండా ఇంజన్ని చావగొట్టాడు!"

డ్రైవరు అర్థం కానట్టు చూశాడు. "రోజూ చూసే స్టార్ట్ చేస్తాను మేస్త్రీ. నీకు తెలుసుగా."

"నాకు తెలిసింది పళ్ళెంలో ఉంది. కళ్ళు కనబడకపోతే ఇంట్లో కూర్చోవాలి. నది మధ్యలో ఇంజను పట్టేసి ఆగిపోతే అంతమందినీ నువ్వు ఈదుకుంటూ ఒడ్డుకు చేరుస్తావా?"

లేత్ చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

ఓనరు మొహం చిట్లించుకున్నాడు. "మేస్త్రి ఫిల్టరు కోసి చెప్పాక ఇంకేముంటుంది? పెద్దాయనా, ఇక చాలించు."

డ్రైవరు మేస్త్రి మొహంలోకి చూశాడు.

"ఇందాకే కదయ్యా నా అన్నం డబ్బాలో చెయ్యిపెట్టి తిన్నావు."

జేబులోంచి లాంచీ తాళం చెవి తీశాడు. నీళ్ళలో పడినా తేలేలా దానికో బెండుముక్క కట్టుకున్నాడు. పట్టుకుని పట్టుకుని అది నున్నగా, నల్లగా అయిపోయింది. దాన్ని పళ్ళెం అంచున పెట్టి బయటికి నడిచాడు.

మిగిలినవాళ్ళకు కూడా చూపించాలని మేస్త్రి కాగితాన్ని తిరగేశాడు. ఆ వైపు నల్లటి జిడ్డు. అంతే. మెరుపన్నది లేదు.

అది కాగితానికి బయటి వైపు.

ఇంజను నుంచి ఆయిల్ వచ్చేది కాగితానికి బయటి వైపుకు. చెత్త అక్కడే ఆగిపోతుంది. శుభ్రమైన ఆయిలే లోపలికి దిగి నడిమి కన్నంలోంచి తిరిగి ఇంజనుకు పోతుంది. ఇంజను లోహమైతే బయటి వైపు ఉండాలి. ఈ రజను లోపలి వైపు ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఏ వైపో చూడకుండా నోరు పారేసుకున్నాడు.

నలుసొకటి వేలికి అద్దుకుని వెలుతురులో పట్టాడు. బేరింగు పొర రేకులా ఊడుతుంది. ఇది స్ప్రింగులా చుట్టుకుని ఉంది. లేత్ మీద ఇత్తడి చెక్కితే రాలే చుట్ట.

తనూ డ్రైవరూ అన్నం తింటున్నప్పుడు, ఇంకా కొయ్యని ఫిల్టరు బల్ల మీద నోరు తెరుచుకుని ఉంది.

మేస్త్రి రేవు దాకా పరిగెత్తాడు. లాంచీ వెనక డ్రైవరు పడుకునే గదిలో బల్ల మాత్రమే మిగిలింది. పరుపుచుట్ట లేదు. పక్క లాంచీవాడు ఉమ్మేసి అన్నాడు, "బస్సెక్కేశాడు. ఎక్కడికంటే చెప్పలేదు. సంతోషమేనా?"

తిరిగొచ్చేసరికి షెడ్డులో బావమరిది ఒక్కడే ఉన్నాడు. మేస్త్రి తాళం చెవితో సహా పళ్ళేన్ని అతని ముందుకు తోశాడు.

బావమరిది మిషను ఆపి చేతులు తుడుచుకున్నాడు.

"అవును బావా, నేనే పోశాను. మీరు తింటుంటే మిషను కింద రజను చిటికెడు తీసి నడిమి కన్నంలో వేశాను. నా పని ఇన్నేళ్ళూ పళ్ళెంలో పెట్టి ఊరందరికీ చూపించావు. అక్క మొహం చూసి పడ్డాను. ఒక్కసారి నీ పని పళ్ళెంలో ఉంటే నీ మొహం ఎలా ఉంటుందో చూద్దామనుకున్నాను. బేరింగులు బిగించింది నువ్వేగా! 'నా చేతి తప్పేమో' అని ఒక్కమాట అంటావు, అప్పుడు నవ్వి చెప్పేద్దామనుకున్నాను. నువ్వా మాట అననే లేదు. ముసలాయన మీదికి తోసేశావు. నాకు నోరు పడిపోయింది. అదీ నా తప్పే, ఓనరు దగ్గరికి వచ్చి చెప్తాను, పద. రజను నాది. ఆ బెండు కట్టిన తాళం మాత్రం నా వైపు తొయ్యకు బావా. దాన్నక్కడ పెట్టించింది నేను కాదు."