కడిగిన అల్లం

కోహీర్ దగ్గరి ఎర్రమట్టి చేలల్లో అల్లం పండించే నాగవ్వకు తన విత్తనమంటే ప్రాణం. కన్నకొడుకు శివరాజ్ కంటే ఎక్కువేమో అని ఊళ్లో వాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. చేసుకోనీ! అత్త బస్వమ్మ చేతుల మీదుగా వచ్చిన విత్తనం అది. కొమ్ము చిన్నదే, పీచు ఎక్కువే, కానీ విరిస్తే ఘాటు మాడుకెక్కేది. ఏటా మాఘమాసంలో మంచి కొమ్ములు ఏరి, పేడనీళ్లలో ముంచి, నీడన ఆరబెట్టి, పెరట్లో గుంత తీసి ఇసుకా వేపాకూ వేసి దాచేది. వానలు పడేదాకా దాని మీద ఎవరి చెయ్యీ పడనిచ్చేది కాదు.

ఆ విత్తనం దగ్గరే పక్క చేను యాదమ్మతో మాటలు బందయ్యాయి. నాగవ్వ అత్తింట్లో ఒక ఆనవాయితీ ఉండేది. విత్తేనాడు మొదటి గంప పరాయివాళ్ల చేలో పడాలి, ఆ తర్వాతే సొంత చేలో. బస్వమ్మ పోయే ముందు ఏడాది ఆ గంపను యాదమ్మకిచ్చింది. కోడలిని ఒక్క మాట అడగలేదు. అత్తను ఏమీ అనలేక నాగవ్వ యాదమ్మ మీద విరుచుకుపడింది. బావి దగ్గర నలుగురూ వింటుండగా "అడుక్కునేదానా" అనేసింది. ఇది జరిగి ఆరేళ్లయింది. ఆనవాయితీని కూడా నాగవ్వ అత్తతోనే సాగనంపింది.

ఎనభై ఏడులో జహీరాబాద్ మార్కెట్లో చెన్నబసప్ప సేటు శివరాజ్ చేతిలో ఒక అల్లం కొమ్ము పెట్టాడు. అరచేయంత వెడల్పుగా, నున్నగా, మైనం పూసినట్టు మెరుస్తోంది.

"చీనాది బిడ్డా. బొంబాయి నుంచి నమూనా తెచ్చిన్రు. అరబ్బు దేశాలోళ్లు గిప్పుడు గిదే అడుగుతున్నరట. చీనోళ్లు తలుపులు తెరిచిన్రు, ఓడలకు ఓడలు నింపుతున్నరు. మనోళ్లు గూడ ఊకె ఉన్నరా? మన పక్కకే లారీల ఫ్యాక్టరీ వెట్టిన్రు. దునియా అంత లేస్తుంటె నీ అల్లమే మట్టి పూస్కొని పండుకున్నది. జర సాఫ్ చేసి తే, చూద్దాం."

శివరాజ్ చెడ్డవాడు కాదు, తొందర మనిషి. కూతురి కాన్పుకని నాగవ్వ మొగుడంపల్లి వెళ్లిన వారంలో, పండిన అల్లమంతా తొట్లో పోసి గోనెపట్టాతో తోమితోమి తెల్లగా చేశాడు. ఆ ఊపులోనే గుంత తెరిచి విత్తనాన్ని కూడా తోమాడు. సాఫ్‌గా ఉన్న విత్తనం సాఫ్ పంటనిస్తుందనుకున్నాడు, అదీ అతని తెలివి! తోలు లేచిపోయిన కొమ్ముల్ని మళ్లీ గుంతలో పెట్టేశాడు. తెల్లబడ్డ పంటను చూసి సేటు పెదవి విరిచాడు. తోమితే కొమ్ము పెద్దదవుతుందా మరి? ఇంక తల్లికి చెప్పడానికి శివరాజ్‌కు నోరు రాలేదు.

మొదటి వానకు నాగవ్వ గుంత తెరిచింది. కుళ్లు వాసన మొహాన కొట్టింది. చెయ్యి పెడితే జావలా వేళ్లకంటింది. అడుగుదాకా తోడింది. ఒక్క గట్టి కొమ్ము లేదు.

శివరాజ్ జరిగిందంతా చెప్పి తల దించుకున్నాడు. నాగవ్వ తిట్టబోయి ఆగిపోయింది. గుంత పక్కనే కూలబడి ఏడ్చింది.

"పెద్ద పెద్ద దేశాలు లేస్తె లేవనీరా. నా గుంతల అల్లమెందుకు కుళ్లాలె?" అంది. కాసేపటికి కళ్లు తుడుచుకుంది. "ఆ చీనాల గూడ నాలెక్క ఒకామె ఉంటది. ఆమె విత్తనం ఆమె దాస్కుంటది. ఆమెనేమంట?"

"మార్కెట్ల వేరే విత్తనం కొందమే అవ్వా."

"ఎవలిదో తెచ్చి మా అత్త చేన్ల పెట్టాల్నా?"

అత్త గంపలు తీసుకున్న మిగతావాళ్లెవరూ విత్తనం నిలుపుకోలేదు, ఇంకొక్క చోటే ఉంది, యాదమ్మ దగ్గర. అక్కడికి వెళ్లడం కంటే చావే నయమనిపించింది నాగవ్వకు. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడోనాడు పొద్దున్నే ఖాళీ గంప చంకన పెట్టుకుని వెళ్లి యాదమ్మ వాకిట్లో నిలబడింది.

యాదమ్మ జొన్నలు చెరుగుతోంది. చాట ఆపి చూసింది.

"యాదమ్మక్కా, అడుక్కునేదాన్ని వచ్చిన." నాగవ్వ గంప ముందుకు చాపింది. "మా అత్త అల్లాన్ని మా పోరడు కడిగి ఖరాబు చేసిండు. ఒక్క కొమ్ము గూడ మిగల్లే."

యాదమ్మ చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. తలుపేసుకుంటుందేమో అనుకుంది నాగవ్వ. కాసేపటికి యాదమ్మ ఆయాసపడుతూ పెద్ద కుండ మోసుకొచ్చి ఆమె ముందు దించింది. ఇసుకలో పేడ పట్టిన చిన్న చిన్న కొమ్ములు, మొలకలు పొడుచుకొస్తున్నాయి.

"ఏటేటా మీకని ఇంత విడిగ తీసి పెడుతున్న. గంప ఇచ్చిననాడే చెప్పింది మీ అత్త. 'నా కోడలు కోపంది యాదమ్మా. గని ఈ అల్లం బతకాలంటె రెండిండ్లల్ల ఉండాలె. ఎన్నడో అడగనీకి వస్తది, ఒట్టి గంపతోని పంపకు' అన్నది. ఆరేండ్ల సంది నీకోసం చూస్తున్ననే."

నాగవ్వ ఆమె చేతులు పట్టుకుని బావురుమంది. "నా నోరు పడిపోను, ఎంత మాటంటినక్కా!" యాదమ్మ కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. ఇద్దరూ కలిసి గంప నింపారు. యాదమ్మే దాన్ని నాగవ్వ తలకెత్తింది.

వాకిలి దాటుతుంటే వెనక నుంచి కేక వినిపించింది.

"నాగవ్వా! జర నీ కొడుక్కు చెప్పే, గిదన్న కడగొద్దని!"

ఏడుస్తున్న నాగవ్వకు ఫక్కున నవ్వొచ్చింది. తల మీద గంప ఊగితే రెండు చేతులా పట్టుకుంది.